ముసలమ్మతో సమాంతర పరుగు

నదీ పడవల నమోదు శాఖ లెక్కలో ఉన్న పడవలు నాలుగు వేల రెండు వందల పదకొండు. వాటికి లైసెన్సులు ఇవ్వడానికి ఆ శాఖ కొత్తగా తెప్పించిన పెద్ద కంప్యూటరు సెకనుకి మూడు లక్షల లైసెన్సులు ఇవ్వగలదు. అంటే రాష్ట్రంలోని పడవలన్నిటికీ ఇచ్చేసి, వాననీళ్ళలో పిల్లలు వదిలే కాగితం పడవలకి కూడా ఇచ్చేసి, మనం తుమ్మి ముక్కు తుడుచుకునేలోగా చేతులు కట్టుకుని కూర్చోగలదు. నాలుగు వేల పడవలకి అంత మిషను దేనికయ్యా అని మీరు అడగొచ్చు. చిన్నది కొంటే ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తారా, చెప్పండి?

ఆ నల్లటి బీరువాలాంటి యంత్రాన్ని చూసి అందరికంటే ఎక్కువ సంతోషించింది మంగతాయారు. ఆవిడ ఆ ఆఫీసులో సీనియర్ ఆపరేటరు. ముప్పై ఒక్క ఏళ్ళుగా పాత యంత్రంతో కాపరం చేస్తోంది. రికార్డుల్లో దాని పేరు యంత్రము-1. ఆఫీసులో అందరికీ ముసలమ్మ. పొద్దున్నే వేడెక్కడానికి ముసలమ్మకి నలభై నిమిషాలు కావాలి. ఒక్క లైసెన్సు కక్కడానికి మూడు రోజులు కావాలి. మధ్యలో మొరాయిస్తే ఎడమ డొక్కలో మూడు దెబ్బలు వెయ్యాలి, అవి కూడా మంగతాయారే వెయ్యాలి. ఇంకొకరి చెయ్యి పడితే లేవదు.

మంగతాయారు ఉండేది గోదావరి మధ్యలో నేరేళ్ళలంకలో. భర్త అక్కడ వంకాయలు పండిస్తాడు. లంక నుంచి ఊళ్ళోకి రావడానికి ఉన్నది ఒకే ఒక్క ఇంజను పడవ. అది నూకరాజుది. ఆఫీసుకి ఆవిడా, బడికి నలభై ఇద్దరు పిల్లలూ, సంతకి వంకాయలూ అన్నీ ఆ పడవ మీదే దాటాలి. లంకకి అవతల ఇంకో పాయ ఉంది గాని, మోకాలి లోతు బురదలో దిగి, గట్టెక్కి, రెండు బస్సులు మారితే ఊరు చేరేసరికి నాలుగున్నర గంటలు.

సెప్టెంబరు మొదట్లో ఒక రోజు పొద్దున్న పడవలో నూకరాజు నసిగాడు.

"అక్కగారండి, మన పడవ లైసెన్సు నవంబరు ఆకరికి అయిపోద్దండి. దరకాస్తు పెట్టానండి. మీ ముసలమ్మ సంగతి తెలుసు కదండి, మరి..."

"ఇంకా ముసలమ్మ ఏంటిరా నూకరాజూ! కొత్తది దిగింది. నువ్వు చుట్ట ముట్టించుకునేలోగా లైసెన్సు నీ చేతిలో ఉంటది."

"నిజవేనాండీ?"

"నేను మాటిస్తున్నాను కదా! నీ లైసెన్సు పోతే ముందు మునిగేది నేను. వచ్చే నెల పిల్లలందరికీ కొత్త పలకలు పంచి పండగ చేద్దాం, చూస్కో."

ఇలా నిండు గోదావరి మీద మాట ఇవ్వకూడదంటారు పెద్దలు. మంగతాయారుకి అది తర్వాత గుర్తొచ్చింది.

ఆ మధ్యాహ్నమే డైరెక్టరు త్రివిక్రమరావు గారు సమావేశం పెట్టారు. ఆయన ఏనాడూ రూలు తప్పిన మనిషి కాదు. పెళ్ళిలో తాళి కట్టేముందు కూడా పురోహితుణ్ణి ఏ పేరా కింద కట్టాలో అడిగారని ఆఫీసులో చెప్పుకుంటారు. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివారు.

"శాఖా నిబంధనావళి, పేరా పద్నాలుగు. కొత్త యంత్రము వచ్చినచో, తొంబది దినములు పాత యంత్రముతో సమాంతరముగా పరుగెత్తించి, రెంటి పనితీరులో ఏ తేడాయును లేదని ధ్రువీకరించిన పిమ్మటనే వినియోగములోనికి తేవలెను. చివరి పది దినములు తేడా సున్నా ఉండవలెను; పిమ్మట ధ్రువీకరణ సంతకము పడులోపల తేడా వచ్చినచో, మరల తొంబది దినములు. తేడా ఉన్నంత కాలము ఏ యంత్రమిచ్చిన కాగితమూ చెల్లనేరదు."

కంపెనీ తరఫున వచ్చిన ఇంజినీరు ఫణీంద్ర చెయ్యెత్తాడు. "సార్, తేడా లేకపోవడమంటే లైసెన్సులో రాసింది ఒకేలా ఉండాలని. వేగం కూడా ఒకేలా ఉంటే ఇంక కొత్తది ఎందుకండీ?"

"పేరాలో 'ఏ తేడాయును' అని యున్నది. వేగమును మినహాయించి అని యున్నదా?"

"లేదండి."

"మరి!"

సెప్టెంబరు పన్నెండున సమాంతర పరుగు మొదలైంది. ఒకే దరఖాస్తుని ముసలమ్మకీ ఇచ్చారు, కొత్తదానికీ ఇచ్చారు. ముసలమ్మ ఇంకా గొంతు సవరించుకుంటూ ఉండగానే కొత్తది టక్కున లైసెన్సు పారేసింది. మంగతాయారు చప్పట్లు కొట్టింది. మూడో రోజున ముసలమ్మ కూడా దాని లైసెన్సు అది ఇచ్చింది. డైరెక్టరు గారు రెంటినీ పక్కపక్కన పెట్టి చూసి కుర్చీలో కూలబడ్డారు. ఒకదాని మీద తారీకు పన్నెండు. ఇంకొకదాని మీద పద్నాలుగు.

"తేడా వచ్చినది! ఒకే పడవకు రెండు తారీకులా? ఆడిట్ వారికి ఏమి జవాబు చెప్పవలెను?"

"కొత్తది తొందరగా ఇచ్చిందండి, అంతే కదండీ," అంది మంగతాయారు.

"తొందరయును తేడాయే యగునమ్మా."

అక్కడితో ఆగితే బాగుండేది. ఇకమీదట ఇలాంటివి జరగకుండా ఆయన అప్పటికప్పుడు ఒక స్థాయీ ఆదేశం జారీ చేశారు. కొత్త యంత్రం ఏదైనా లైసెన్సు ఇచ్చి, పాత యంత్రం ఇవ్వకపోతే, ఆ లైసెన్సు సాయంత్రం నాలుగు గంటలకి దానంతట అది రద్దయి, పడవ యజమాని ఫోనుకి కబురు వెళ్ళాలి. అలా రద్దయిన నంబరుకి సమాంతర పరుగు ముగిసేదాకా మళ్ళీ లైసెన్సు ఇవ్వరాదు. "రద్దు విషయములో మాత్రము యంత్రము తన పూర్తి వేగమును వాడుకొనవచ్చును," అని కింద ఒక వాక్యం కూడా చేర్చారు. ఆ రద్దు ప్రోగ్రాము రాసింది మంగతాయారే. రాస్తున్నంతసేపూ పళ్ళు నూరుకుంది.

తర్వాత కొత్తదానికి నిదానం నేర్పే పని మొదలైంది. ఫణీంద్ర దాన్ని మూడు రోజులు ఆపి లైసెన్సు ఇచ్చేలా చేశాడు. అది సరిపోలేదు. కరెంటు పోతే ముసలమ్మ ఆగిపోతుంది, కొత్తదానికి సొంత జనరేటరు ఉంది, ఆగదు. కాబట్టి ఊళ్ళో కరెంటు పోయినప్పుడల్లా కొత్తది కూడా పోయినట్టు నటించాలన్నారు. నటించింది. పదకొండింటికి మంగతాయారు టీకి లేస్తే ముసలమ్మ ఇరవై నిమిషాలు ఊరుకుంటుంది. కొత్తదానికీ టీ విరామం ఇచ్చారు. వానాకాలం ముసలమ్మ కాగితం నమిలేస్తుంది. కొత్తదానికి కాగితం నమలడానికి పళ్ళేవీ? చుట్టుపక్కల గాలిలో తేమ ఎంతుందో కొలిచి, ఆ లెక్కన ఎప్పుడు నమిలేదో ఊహించుకుని ఆగమన్నారు. పాపం, ఊహించుకుంది.

దెబ్బల దగ్గర పెద్ద చర్చే జరిగింది. కొత్తదానికి డొక్కే లేదు, నాలుగు పక్కలా నున్నగా ఉంది. చివరికి వడ్రంగిని పిలిపించి ఎడమ పక్కన ఒక టేకు చెక్క బిగించారు. దానికి 'తాడన స్థానము' అని బోర్డు పెట్టారు. మంగతాయారు ముసలమ్మని మూడు కొట్టినప్పుడల్లా అటెండరు అప్పలస్వామి ఇక్కడ ఆ చెక్కని మూడు కొట్టి రిజిస్టరులో సంతకం చెయ్యాలి.

"తాయారుగారండీ, మీరు గట్టిగా కొట్టారా, నెమ్మదిగా కొట్టారా?" అని గోడ అవతల నుంచి కేకేసేవాడు.

"నాకు డైరెక్టరు గుర్తొచ్చినంత గట్టిగా!" అని ఆవిడ ఇటు నుంచి కేకేసేది.

ఇంత చేసినా రోజూ ఏదో ఒక తేడా మిగిలేది. ముసలమ్మ ఒకనాడు పదింపావుకి లేచేది, ఒకనాడు పదిన్నరకి లేచేది. ఎందుకా అని ఫణీంద్ర వారం రోజులు తల బద్దలు కొట్టుకున్నాడు. చివరికి తేలింది ఏమిటంటే, నూకరాజు పడవ ఏ వేళకి రేవు చేరితే మంగతాయారు ఆ వేళకి వస్తుంది, ఆవిడ వచ్చిన నలభై నిమిషాలకి ముసలమ్మ లేస్తుంది. వెంటనే రేవులో స్తంభం పాతి కెమెరా పెట్టారు. పడవ ఒడ్డుకి తగిలితేనే కొత్త యంత్రం నిద్ర లేవాలి. పడవ రాకపోతే లేవకూడదు.

అక్టోబరు నెలాఖరుకి ఫణీంద్ర ముఖం పాలిపోయి డైరెక్టరు గారి గదికి వచ్చాడు. వెనకే మంగతాయారు కూడా వచ్చింది.

"సార్, గాలిలో తేమ, కరెంటు, టీ, దెబ్బలు, పడవ... ఇవన్నీ లెక్కగట్టడానికే యంత్రం సామర్థ్యంలో తొంబై ఆరు శాతం ఖర్చవుతోందండి. ఇంత మిషనూ ఖాళీగా కూర్చోవడానికే ఆయాసపడుతోంది."

డైరెక్టరు గారి ముఖం వెలిగిపోయింది. "తొంబది ఆరు శాతమా! పాత యంత్రమును ఏనాడూ ముప్పది శాతమునకు మించి వాడలేకపోతిమి. చూచితివా, సామర్థ్య వినియోగము! ఇంకను నాలుగు శాతమే మిగిలినది గనుక, దీనికంటె పెద్ద యంత్రము కొరకు నేడే ప్రతిపాదన పంపుదము."

మంగతాయారు ఇంక ఆగలేకపోయింది. "అయ్యా, పదకొండు వందల ముప్పై ఏడు దరకాస్తులు పేరుకున్నాయండి. ఒక్క లైసెన్సు కూడా బయటికి పోలేదు. మా నూకరాజుది వచ్చే నెలాఖరుకి అయిపోద్ది. పిల్లలు బడికెళ్ళే పడవండి అది. దానికి ఒక్కదానికైనా..."

"ఒక్కదానికి ఇచ్చినచో ఒక్క తేడా యగును కదమ్మా!"

నవంబరు ముప్పై సాయంత్రం నూకరాజు చివరి ట్రిప్పు వేశాడు. పడవని కొబ్బరి చెట్టుకి కట్టేశాడు. మంగతాయారు వైపు చూడకుండా తాడు ముడి వేస్తూ ఉండిపోయాడు. ఆవిడకి ఏడుపొచ్చింది.

"తిట్టరా నూకరాజూ. మాటిచ్చి తప్పాను."

"మిమ్మల్ని ఎందుకండి తిడతాను? పద్దెనిమిది మైళ్ళ గోదారి గురించి నాకు తెలుసు గానండి, పద్నాలుగో పేరా లోతు నాకేం తెలుసండి! పిల్లకాయలకే కష్టం. పదిహేనో తారీకు నుంచి పరీక్షలంటండి."

లైసెన్సు లేకుండా పడవ తీస్తే మూడు నెలల జైలు. ఆ మాట రేవులో గోడ మీద శాఖవారే ఎర్రరంగుతో రాయించారు.

మర్నాటి నుంచి పడవ లేదు. పడవ లేదు కనుక మంగతాయారు ఆఫీసుకి రాలేదు. ఆవిడ రాలేదు కనుక ముసలమ్మ లేవలేదు. రేవులో కెమెరాకి పడవ కనపడలేదు కనుక కొత్త యంత్రం కూడా లేవలేదు. డిసెంబరు ఒకటి, తేడా సున్నా. రెండు, సున్నా. మూడు, సున్నా. డైరెక్టరు గారు రోజూ సాయంత్రం తేడాల రిజిస్టరు తెరిచి, ఆ సున్నాల్ని వేలితో తడిమి చూసుకునేవారు. పదో తారీకుతో పదికి పది సున్నాలు పూర్తయ్యాయి. తొంబై రోజులూ నిండాయి.

"చరిత్రలో ఇంతటి ఏకీభావము ఎన్నడైనను సిద్ధించినదా!" అని ఆయన రాజధానికి కబురు పెట్టారు.

పదకొండో తారీకు ఉదయం ప్రిన్సిపల్ సెక్రటరీ శకుంతలాదేవి గారు దిగారు. ధ్రువీకరణ పత్రం మీద డైరెక్టరు గారి సంతకం ఆవిడ ఎదురుగా పడాలి. ఇంకా పెద్ద యంత్రానికి ఆవిడ సరేననాలి. సాయంత్రం అయిదూ నలభైకి ఆవిడ రైలు. పాత యంత్రాన్ని ముప్పై ఒక్క ఏళ్ళు నడిపిన ఆపరేటరుకి ఒక శాలువా కప్పాలని కూడా కార్యక్రమంలో ఉంది. ఆపరేటరు రాలేనంది, పడవ లేదుట.

"ఆవిడ రాలేకపోతే మనమే వెళ్దాం పదండి. నేనూ లంకలు చూడలేదు," అన్నారు సెక్రటరీ గారు. డైరెక్టరు గారు శాలువా, సన్మాన పత్రం, ధ్రువీకరణ పత్రం పట్టుకుని జీపెక్కారు.

రేవులో నూకరాజు కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. పదకొండు రోజులుగా బేరం లేక, ఆ తెల్లవారుజామునే చీకట్లో గడ వేసి పడవని ఇవతలి ఒడ్డుకి తోసుకొచ్చి అమ్మకానికి పెట్టాడు. కొనేవాడు రాలేదు.

"ఏమోయ్, మమ్ములను లంకకు చేర్చవలెను," అన్నారు డైరెక్టరు గారు.

నూకరాజు లేచి నిలబడి గోడ వైపు చూపించాడు. "లైసెన్సు లేదండి. మూడు నెలలు జైలంటండి. మీరే రాశారండి."

సెక్రటరీ గారు గోడ చదివి, డైరెక్టరు గారి వైపు చూసి, "మరి లైసెన్సు ఇవ్వండి," అన్నారు, మంచినీళ్ళు ఇవ్వండి అన్నట్టు.

ముప్పై ఏళ్ళ సర్వీసులో డైరెక్టరు గారికి ఇంత చిన్న పని ఎవరూ చెప్పలేదు. మంగతాయారుకి ఫోను చేశారు.

"అయ్యో, ఎంత పనండీ!" అంది ఆవిడ అవతలి ఒడ్డు నుంచి. "ఫణీంద్రకి చెప్పండి. నిదానాలన్నీ ఒక్క మీట కింద పెట్టాం. అది ఆపేస్తే కొత్తది దాని వేగాన అది పోద్ది. కానండి, స్థాయీ ఆదేశం..."

"ఆదేశముల సంగతి తరువాత చూతము! మేడము గారు ఎండలో నిలబడియున్నారు!"

ఫణీంద్ర నూకరాజు దరఖాస్తు ఒక్కటే ముందు పెట్టి మీట నొక్కాడు. మూడు నెలలుగా ఊపిరి బిగబట్టిన యంత్రం ఒక్క క్షణం వదిలింది. నూకరాజు జేబులో ఫోను టింగుమంది. వాడు చదువుకుని, కళ్ళకద్దుకుని, పడవ తాడు విప్పాడు. ఫణీంద్ర మళ్ళీ మీట వేసేశాడు.

లంకలో మంగతాయారు వాళ్ళని వదిలిపెట్టలేదు. శాలువా కప్పించుకుంది, దణ్ణం పెట్టింది, భోంచేసి వెళ్ళాల్సిందేనంది. లేత లంక వంకాయల్లో కొత్తిమీర కారం కూరింది, ముద్దపప్పు, ఆవకాయ, అరిటాకు నిండా వడ్డించింది. సెక్రటరీ గారు మారు వడ్డన అడిగారు. డైరెక్టరు గారు రెండుసార్లు గడియారం చూసుకుంటే రెండుసార్లూ గడ్డపెరుగు వేసింది. తర్వాత తోట చూపించింది. తర్వాత అరుగుల మీద వరసగా కూర్చుని పుస్తకాలు తిరగేస్తున్న నలభై ఇద్దరు పిల్లల్నీ చూపించింది.

"వీళ్ళు బడికి ఎందుకు వెళ్ళలేదు?" అన్నారు సెక్రటరీ గారు.

"తేడా వస్తదనండి," అంది మంగతాయారు.

అందరూ లంక రేవుకి వచ్చి పడవెక్కేసరికి నాలుగైంది. నూకరాజు ఇంజను తాడు చుట్టి లాగబోతున్నాడు. జేబులో ఫోను టింగుమంది. చదివాడు. తాడు వదిలేసి, ఒడ్డుకి దిగి, పడవని కొబ్బరి చెట్టుకి కట్టెయ్యడం మొదలుపెట్టాడు.

"ఏమైనది?" అన్నారు డైరెక్టరు గారు.

"రద్దయిపోయిందండి, లైసెన్సు. నాలుగు సున్నా సున్నాకండి. మీ పేరే ఉందండి కింద."

డైరెక్టరు గారు మంగతాయారు వైపు తిరిగారు. ఆవిడ కొత్త శాలువా సర్దుకుంది.

"పొద్దున్నే చెప్పబోయానండి. ముసలమ్మ ఇవ్వనిది కొత్తది ఇస్తే నాలుగింటికి రద్దు కదండీ. రద్దులో దానికి పూర్తి వేగం మీరే ఇచ్చారు. పైగా ఇప్పుడు పదకొండో నాటి తేడా ఒకటి. సున్నాలన్నీ పోయినట్టే. మళ్ళీ తొంబై రోజులు."

"మరల లైసెన్సు ఇప్పించుము! వెంటనే!"

"రద్దయిన నంబరుకి పరుగు ముగిసేదాకా ఇవ్వకూడదు కదండీ. అదీ మీదే. అవతలి పాయ మీంచి వెళ్తే ఊరు నాలుగున్నర గంటలండి. మోకాలి లోతే బురద."

సెక్రటరీ గారు తన పట్టుచీర అంచు వైపు ఒకసారి చూసుకున్నారు. తర్వాత డైరెక్టరు గారి వైపు తిరిగారు. "త్రివిక్రమరావు గారూ, నా రైలు అయిదూ నలభైకి."

డైరెక్టరు గారు పడవ బల్ల మీద కూర్చున్నారు. ధ్రువీకరణ పత్రాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. మంగతాయారు పక్కన కూర్చుని, సన్మాన పత్రం వెనక్కి తిప్పి, కలం తీసి ఇచ్చింది.

"సమాంతర పరుగు ఆపాలన్నా, పద్నాలుగో పేరా పక్కన పెట్టాలన్నా మీ ఒక్క సంతకం చాలండి. ఫొటో తీసి ఫణీంద్రకి పంపితే మిగతాది మిషను చూసుకుంటది. అడగడం నా ధర్మం కాబట్టి అడుగుతున్నాను. ఈ లైసెన్సులు ముసలమ్మలాగా మూడు రోజులకి ఇమ్మంటారా, కొత్తదాన్లాగా ఇమ్మంటారా?"

డైరెక్టరు గారు నీళ్ళ వైపు చూశారు. గడియారం వైపు చూశారు. అరుగుల మీంచి వచ్చి ఒడ్డున బారులు తీరిన పిల్లల వైపు చూశారు. ఆయన నోటి నుంచి ఉద్యోగంలో చేరాక మొదటిసారి వాడుక తెలుగు వచ్చింది.

"కొత్తదాన్లాగానే ఇవ్వమనమ్మా," అన్నారు నెమ్మదిగా.

సంతకం పడింది. ఫొటో వెళ్ళింది. పేరుకుపోయిన లైసెన్సులన్నీ రాష్ట్రమంతటా ఒక్కసారే బయటికి వచ్చాయి. నూకరాజు జేబులో మూడోసారి టింగుమంది. ఒడ్డున పిల్లలు కేరింతలు కొట్టారు. మంగతాయారు పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. పరీక్షలకి ఇంకా నాలుగు రోజులున్నాయి.

పడవ నడిగోదావరిలోకి వచ్చాక సెక్రటరీ గారు అడిగారు. "దాటడానికి ఎంతసేపు పడుతుందోయ్?"

"పన్నెండు నిమిషాలండి. మా తాత తెడ్డేసే రోజుల్లో గంటన్నర పట్టేదండి." నూకరాజు చుక్కాని సవరించాడు. డైరెక్టరు గారి వైపు మర్యాదగా వంగి అన్నాడు. "ఇంజను పెట్టినప్పుడు తాతతో సమానంగా నడపమని మమ్మల్ని ఎవరూ అడగలేదండి, ఆయ్."